రోడ్డు ఎక్కడ ఆగిందో ముందు కాగితం మీద పట్టుకోండి

ఆమదాలవలస వైపు ఒక పల్లె నుంచి ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది, కొంచెం కుదించి చెబుతాను. వాళ్ల ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా రెండు కిలోమీటర్ల పైచిలుకు లింకు రోడ్డు శాంక్షన్ అయింది. మట్టి పని అయింది, కంకర పరిచారు, తారు వేసేలోపు ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, పని ఆగిపోయింది. దీని తర్వాత మంజూరైన పక్క ఊరి రోడ్డుకు మాత్రం తారు కూడా పడిపోయింది. ఇంజనీరుని అడిగితే "నిధుల్లేవు" అంటున్నాడు, నాయకుణ్ణి అడిగితే "మీ బూత్‌లో మాకెన్ని పడ్డాయో చూసుకోండి, అప్పుడు రోడ్డు సంగతేటో మాట్లాడదాం" అన్నాడట. ఊరి పెద్దలేమో సర్పంచ్‌ని కండువా మార్చెయ్యమంటున్నారు. ఇది కక్షేనా, కక్షయితే ఏం చెయ్యాలి, కోర్టుకెళ్తే రోడ్డు వస్తుందా అని అతను అడుగుతున్నాడు.

నేను పంచాయతీరాజ్ ఇంజనీరింగ్‌లో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)గా చేరి డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు)గా రిటైరయ్యాను. సర్వీసంతా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే. ఇలా సగంలో ఆగిన రోడ్లు రెండు రకాల ప్రభుత్వాల్లోనూ దగ్గరుండి చూశాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

బాబూ, మీ అనుమానం నిజమే కావచ్చు. అయితే "కక్ష కట్టి ఆపారు" అంటూ మీరు ఏ ఆఫీసు గుమ్మం ఎక్కినా, "అబ్బే, అదేం లేదు, నిధుల్లేవు" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. వాళ్ల మనసులో ఏముందో మీరు నిరూపించలేరు. కానీ ఫైలు ఏ తేదీన ఏ బల్ల మీద ఆగింది, దాని వెనకాల వచ్చిన ఫైలు ఏ తేదీన దాన్ని దాటి ముందుకెళ్లింది, ఈ రెండు తేదీలు మీ చేతిలో ఉంటే మాత్రం ఎదుటివాడు ఏదో ఒక జవాబు చెప్పి తీరాలి. నేను చెప్పబోయేదంతా ఆ రెండు తేదీలు సంపాదించడం గురించే.

ముందు ఆ బూత్ లెక్క సంగతి. అది ఆ నాయకుడికి ఎవరో రహస్యంగా చెప్పింది కాదు. ఫారం 20 అని ఉంటుంది, పోలింగ్ స్టేషన్ వారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది, ఎవరైనా తీసి చూసుకోవచ్చు. మన పల్లెల్లో ఊరికో బూత్, పెద్ద ఊరైతే రెండు మూడు, కాబట్టి బూత్ లెక్కంటే ఊరి లెక్కే, ఒక్కోచోట వీధి లెక్క కూడా. బ్యాలెట్ పేపర్ల రోజుల్లో పలు బూత్‌ల పేపర్లు కలిపేసి లెక్కించే వీలుండేది, ఈవీఎంలు వచ్చాక ఆ ముసుగు పోయింది. 14 మెషీన్ల ఓట్లు కలిపి ఒకే మొత్తంగా చూపించే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే కేంద్రాన్ని అడిగింది. 2015లో లా కమిషన్ కూడా తన 255వ నివేదికలో పెట్టాలనే చెప్పింది, ఓటు పడని ప్రాంతాల మీద గెలిచినవాళ్లు కక్ష తీర్చుకోకుండా ఉండాలనే ఆ సిఫారసు. కేంద్రం ఒప్పుకోలేదు. ఓటు ఎవరికేశామో ఎవరికీ తెలియదని మనిషికి ధైర్యం ఉంది గానీ ఊరికి లేదు. దీని మీద మన జనం మాట్లాడాల్సినంత మాట్లాడటం లేదని నాకు ఎప్పటినుంచో బాధ.

ఇది ఒక పార్టీ జబ్బు అనుకుంటే మాత్రం పొరపాటు. 2019 మే 29న, కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారానికి ముందు రోజు, ఒక ఉత్తర్వు వచ్చింది. ఆ ఏప్రిల్ 1కి ముందు మంజూరై ఇంకా మొదలుకాని ఇంజనీరింగ్ పనులన్నీ రద్దు, 25 శాతం లోపు జరిగిన పనులకు చెల్లింపులు ఆపి మళ్లీ పరిశీలించాలి అని. రాష్ట్రమంతటికీ ఒకటే ఉత్తర్వు గనక పైకి ఏ ఊరి మీదా కక్ష ఉన్నట్టు కనిపించదు. కానీ తర్వాత ఏ పని మళ్లీ లేచింది, ఏది లేవలేదు అన్నది ఊరు ఊరుకీ మారింది. ఉపాధి హామీ మెటీరియల్ కింద 2018-19లో సిమెంటు రోడ్లు వేసినవాళ్ల బిల్లులు ఆగాయి, విజిలెన్స్ విచారణ ఉందన్నారు, చివరికి 2021 అక్టోబరులో హైకోర్టు 12 శాతం వడ్డీతో కట్టమని చెప్పాల్సి వచ్చింది. ఈ మధ్యలో అప్పు తెచ్చి పని చేయించిన చిన్న చిన్న మనుషులు, సర్పంచ్‌లు, వాళ్ల బావమరుదులు, ఊళ్లో మేస్త్రీలు, పొలాలు అమ్ముకున్నారు. 2024లో ప్రభుత్వం మారాక అవతలి వైపు వాళ్లు ఇవే ఫిర్యాదులు చేస్తున్నారు. కాబట్టి మీరు అర్జీలో పార్టీ పేరు రాయకండి. రాస్తే మీ రోడ్డు రోడ్డుగా మిగలదు, రెండు పార్టీల మధ్య ఇంకో తగాదా అవుతుంది.

ఇప్పుడు అసలు పని. రోడ్డు ఆగిందంటే ఎక్కడ ఆగింది? శాంక్షన్ అయిందన్న మాట విని ఊళ్లో కొబ్బరికాయలు కొట్టేస్తాం గానీ శాంక్షన్‌కీ డబ్బుకీ మధ్య చాలా గుమ్మాలున్నాయి. పరిపాలనా ఆమోదం వస్తుంది, ఎస్టిమేట్ మీద సాంకేతిక ఆమోదం వస్తుంది, టెండరు, అగ్రిమెంటు, పని మొదలు. జరిగిన పనిని ఏఈ ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రికార్డు చేస్తాడు, డీఈఈ చెక్ చేస్తాడు, క్వాలిటీ కంట్రోల్ వాళ్లు చూస్తారు, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) బిల్లు పాస్ చేస్తాడు, పే అండ్ అకౌంట్స్‌కి వెళ్తుంది, అక్కడ్నుంచి సీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో క్యూ. ఈ సీఎఫ్ఎంఎస్ 2018 ఏప్రిల్‌లో వచ్చాక అందరూ అనుకున్నది, ఇక ముందొచ్చిన బిల్లుకు ముందు డబ్బు పడుతుందని. అలా జరగలేదు. ఏ బిల్లు ఎప్పుడు వదలాలో పైన చూసుకునే వీలు ఉండిపోయింది, మార్చి 31 నాటికి పడని బిల్లులు వెనక్కొచ్చేసి మళ్లీ పెట్టుకోవాల్సిన అవస్థ కూడా చూశాం.

కక్ష సాధింపు వీటిలో ఏ గుమ్మం దగ్గరైనా జరగొచ్చు, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ప్రతిపాదననే పైకి పంపకుండా ఆపెయ్యొచ్చు, అప్పుడు మీ దగ్గర కాగితమే ఉండదు. పని రద్దు చెయ్యొచ్చు, అప్పుడు రద్దు ఉత్తర్వు ఉంటుంది, దానికి నంబరుంటుంది, అది మీకు మేలు. టెండరు పిలిచినట్టే పిలిచి, ఎవరూ వెయ్యొద్దని కాంట్రాక్టర్లకు నోటి మాటగా చెప్పొచ్చు, అప్పుడు రికార్డులో "ఎవరూ రాలేదు" అని మాత్రమే ఉంటుంది. నాలుగోది, మన దగ్గర ఎక్కువగా జరిగేది, బిల్లు ఆపడం. పాత కాంట్రాక్టరు అవతలి పార్టీవాడని పేరుంటుంది, మొదటి బిల్లు ఆపేస్తారు, అతను రోలరూ మనుషుల్నీ తీసుకుని వెళ్లిపోతాడు. దెబ్బ కాంట్రాక్టరుకే అనుకుంటాం, కానీ మోకాలి లోతు గుంటల్లో మోటార్ సైకిల్ తోసుకుంటూ వెళ్లేది మనం. మీ కేసులో కంకర దాకా వచ్చి ఆగిందంటే నా అంచనా ఇదే.

ఫైలు మీద "ఆపండి" అని ఎవరూ రాయరు, ఇది గుర్తుంచుకోండి. నోట్ ఫైల్లో క్లర్కు మామూలుగా అంతా రాసి "ఉత్తర్వుల కోసం" అని పైకి పంపుతాడు. పెద్దాయన పక్కన మార్జిన్‌లో "ప్లీజ్ స్పీక్" అని రెండు ముక్కలు రాసి, పొట్టి సంతకం చేసి, తేదీ వేస్తాడు. అంటే వచ్చి మాట్లాడు అని. ఏం మాట్లాడారో ఎక్కడా ఉండదు. ఆ తర్వాత ఫైలు నాలుగు నెలలు కదలదు. ఆ తర్వాత "నిధుల లభ్యతను బట్టి పరిశీలించవచ్చు" అని ఒక వాక్యం వస్తుంది. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ, తెలిసినవాడికి ఆ మార్జిన్‌లో తేదీ చాలు. ఫైలు ఎవరి దగ్గరికి వెళ్లి వచ్చాక నడక ఆగిందో అది చెప్పేస్తుంది.

ఇక ఇది కక్షా, నిజంగా డబ్బుల్లేకా? రెండోది కూడా చాలా మామూలు. బడ్జెట్‌లో అంకె ఉంటుంది, విడుదల ఉండదు, జిల్లా అంతా ఏ రంగు కండువా వాడికీ డబ్బు పడదు. ఎన్నికల కోడ్ కూడా ఉంటుంది. కోడ్ వచ్చేనాటికి నేల మీద మొదలైన పని ఆపక్కర్లేదు, మొదలవ్వనిది మొదలుపెట్టకూడదు, కానీ ఆ భయంతో మొదలైనవాటిని కూడా ఆపేసే అధికారులున్నారు. దీన్ని తేల్చడానికి ఒక్కటే దారి. మీ ఒక్క రోడ్డునే చూడకండి. అదే హెడ్ (డబ్బు వచ్చే పద్దు) కింద, అదే సంవత్సరం, మీ మండలంలోనూ పక్క మండలంలోనూ మంజూరైన పనులన్నీ వరసగా రాయండి. మంజూరు తేదీ, అగ్రిమెంటు తేదీ, బిల్లు పెట్టిన తేదీ, డబ్బు పడిన తేదీ. అందరివీ ఆగి ఉంటే అది ఖజానా గొడవ, దానికి ఒక ఊరుగా మీరు చేసేది తక్కువ. మీ వెనక బిల్లు పెట్టినవాళ్లకి పడి మీకు పడకపోతే, అందులోనూ పడనివన్నీ ఒకే తరహా బూత్‌లున్న ఊళ్లయితే, అప్పుడు మీ దగ్గర కేసుంది.

వరుస తప్పడాన్ని నేను ఇంత పట్టుకుని చెప్పడానికి కారణం మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది. 1960ల మొదట్లో ఆర్టీసీ కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లను స్వాధీనం చేసుకుంది. ఆ బస్సుల యజమానుల్లో అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారి రాజకీయ ప్రత్యర్థులున్నారు. వాళ్లు సుప్రీంకోర్టుకి వెళ్లి చెప్పినది ఏంటంటే, ఏ జిల్లా తర్వాత ఏ జిల్లా తీసుకోవాలో ఆర్టీసీ ముందే ఒక వరుస వేసుకుంది, ఈయన ముఖ్యమంత్రి అయ్యాక ఆ వరుస మారి మా జిల్లా ముందుకొచ్చింది, ఎందుకు మారిందో చెప్పండి అని. ఆ ఆరోపణకు ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వెయ్యలేదు. కోర్టు 1964లో ఆ స్కీమును కొట్టేసింది, సంజీవరెడ్డి గారు పదవికి రాజీనామా చేశారు. రౌజీ కేసు అంటారు, లాయర్లకి బాగా తెలుసు. అక్కడ ఫలానా చోట ఫలానా మాట అన్నాడని చెప్పే సాక్షి మీద కేసు నిలబడలేదు. మారిన వరుస, దానికి జవాబు రాకపోవడం, ఇవే నిలబెట్టాయి. అరవై ఏళ్లు దాటినా మీ రోడ్డుకీ పనికొచ్చే పద్ధతి అదే.

కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. చాలామంది చేసే పొరపాటు "మా రోడ్డు ఎందుకు ఆపారు?" అని రాయడం. ఎందుకు అనే ప్రశ్నకు ఆ చట్టం కింద వాళ్లు జవాబు తయారు చేసి ఇవ్వక్కర్లేదు, ఉన్న కాగితం ఇస్తే చాలు. మీరు కాగితాలే అడగండి. పరిపాలనా ఆమోదం నకలు, అగ్రిమెంటు నకలు, ఈ పనికి సంబంధించిన ఎం-బుక్ పేజీలు, నోట్ ఫైల్ మొత్తం నకలు, బిల్లు పెట్టి ఉంటే అది అందినట్టు ఇచ్చే టోకెన్ నంబరు, తేదీ. వేరే దరఖాస్తులో, వేరే మనిషి పేరుతో, పైన చెప్పిన మండలాల పనుల జాబితా తేదీలతో. ఈఈ ఆఫీసులో వెయ్యండి, ఏఈకి ఇచ్చి రాకండి, స్పీడ్ పోస్టులో పంపితే ఇంకా మంచిది. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు. ఈ చట్టం కింద పనిని వెళ్లి చూసే హక్కు, వాడిన మెటీరియల్ శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఉన్నాయి, ఇది మన ఊళ్లలో దాదాపు ఎవరూ వాడరు.

ఎం-బుక్ వచ్చాక ఆఖరి ఎంట్రీ చూడండి. చైనేజ్ (రోడ్డు మొదలు నుంచి దూరం) 0/0 నుంచి ఎంత దాకా ఏ పొర రికార్డయిందో, ఏ తేదీన సంతకమైందో ఉంటుంది. ఊళ్లోంచి ఇద్దరు టేపు పట్టుకుని వెళ్లి నేల మీద కొలవండి. నేల మీద రెండు కిలోమీటర్లు కంకర ఉండి బుక్‌లో ఒకటే ఉంటే, రికార్డు చెయ్యకుండా ఆపారన్నమాట, కాంట్రాక్టరుకి బిల్లే పుట్టలేదు. బుక్‌లో ఉండి నేల మీద లేకపోతే అది వేరే కథ, అప్పుడు మీరు ఎవరి తరఫున పోరాడుతున్నారో ఒకసారి ఆలోచించుకోవాలి. రెండూ సరిపోతే బిల్లు ఎక్కడ ఉందో వెతకాలి.

ఏఈ మీద మాత్రం అరవకండి. అతనికి ఇరవై ఊళ్లు, పైనుంచి ఫోన్లు, బదిలీ భయం. ఊళ్లోకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడితే, సంతకం పెట్టకపోయినా, ఏ హెడ్, ఏ ప్యాకేజీ నంబరు అన్నది నోటితో చెబుతాడు, దానితో మీ దరఖాస్తు సగం సులువవుతుంది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి. అక్కడ పని జరిగిపోతుందని కాదు. అర్జీ కింద ఈఈ ఆఫీసు నుంచి "నిధులు లేనందున" అని తేదీతో ఒక ఎండార్స్‌మెంటు, అంటే రాతపూర్వక జవాబు, వస్తుంది. జనం దాన్ని చించి పారేస్తారు. అది దాచండి. ఆ తేదీ తర్వాత అదే హెడ్ కింద పక్క ఊరి బిల్లుకు డబ్బు పడినట్టు మీ జాబితాలో కనిపిస్తే, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించిన రోజు "నిధుల్లేవు" అన్న మాట నిలవదు. అర్జీ మీద ముందు సంతకం ఓడిపోయిన అభ్యర్థిది కాకుండా చూడండి. డ్వాక్రా సంఘం లీడర్లు, బడి పిల్లల తల్లిదండ్రులు, ధాన్యం అమ్ముకునే రైతులు, రెండు వైపులా ఓటేసినవాళ్లు సంతకాలు పెట్టాలి. గ్రామసభలో తీర్మానం చేసి దాని నంబరు, తేదీ రాయండి. పంచాయతీల విషయాలని రాజ్యాంగం 11వ షెడ్యూల్లో ఇచ్చిన 29 అంశాల్లో 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు. అది కూడా అర్జీలో ఒక లైను రాస్తే తప్పులేదు.

ఇవన్నీ జరిగేలోపు మీ కంకర మిగలాలి. ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. తారు లేకుండా వదిలేసిన మెటల్ పొర, నొక్కితే 75 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, రాళ్ల మధ్య సందుల్లో గ్రావెల్ పట్టి ఉంచుతుంది. మొదటి వానాకాలంలోనే ఆ గ్రావెల్ కొట్టుకుపోతుంది, రాయి వదులవుతుంది. ఖరీఫ్‌లో ట్రాక్టర్లు దమ్ము చక్రాలు (బురద దున్నే ఇనప చక్రాలు) విప్పకుండా దాని మీద నడిస్తే ఒక్క వారంలో పైపొర లేచిపోతుంది. రెండో ఏడాదికి రాళ్లన్నీ అంచులకు చేరి మధ్యలో గాడి పడుతుంది, ఆటోలు రావు, 108 మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది, ధాన్యం లారీ ఊళ్లోకి రాదు గనక ట్రాక్టరులో ఎక్కించి మళ్లీ లారీలో ఎక్కించి రెండు సార్లు కూలి కట్టుకోవాలి. అప్పుడు రేపు ఎవరో దయ తలిచి పని మొదలుపెడదామన్నా పాత ఎస్టిమేట్ పనికిరాదు. పైపొర మళ్లీ వెయ్యాలి, రేట్లు పెరిగి ఉంటాయి, రివైజ్డ్ ఎస్టిమేట్ కావాలి, దానికి మళ్లీ పైదాకా వెళ్లాలి. ఆపినవాడు ఇంకేమీ చెయ్యక్కర్లేదు, రెండు వానాకాలాలు చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు.

అందుకని ఊరంతా కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకోండి, దమ్ము చక్రాలతో ఆ రోడ్డెక్కకూడదని. బెర్ముల (రోడ్డుకి రెండు వైపులా ఉండే మట్టి అంచుల) పక్కన నీళ్లు నిలవకుండా కాలవ తీయించండి, తూముల్లో పూడిక తీయించండి. ఆర్థిక సంఘం గ్రాంటులో అన్‌టైడ్ (ఫలానా పనికే వాడాలని షరతు లేని) వాటా ఎంత ఉందో సర్పంచ్‌ని చూడమనండి, పెద్ద మొత్తం ఉండదు గానీ ఒక తూము బాగుచెయ్యడానికి, గుంటల్లో గ్రావెల్ వెయ్యడానికి సరిపోవచ్చు. కేంద్రం నుంచి వచ్చిన ఆ డబ్బును రాష్ట్రం 10 పనిదినాల్లో పంచాయతీలకు ఇవ్వాలని, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం కాలానికి (2021-26) నిబంధన పెట్టారు. అది కూడా సమయానికి పడలేదని, కరెంటు బకాయిల కింద మళ్లించారని సర్పంచ్‌లు రోడ్డెక్కిన రోజులు మనకు గుర్తే. పని మొదలుపెట్టే ముందు, చేసిన తర్వాత ఫొటోలు తీయండి, కిలోమీటరు రాయి కనిపించేలా.

ఆ నాయకుడి చేతి కింద లేని డబ్బు ఇంకెక్కడుందో కూడా చూడండి. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, ఆయన సిఫారసు చేస్తే కలెక్టరు మంజూరు చేస్తారు. కాకపోతే వేరే హెడ్ కింద మంజూరై ఉన్న పనికే మళ్లీ ఇందులోంచి అడిగితే చిక్కు రావచ్చు, కాబట్టి ఆగిన తారు పని అడగకుండా, ఊళ్లో మిగిలిన సిమెంటు ముక్కో, గెడ్డ (వాగు) మీద కల్వర్టో విడిగా అడగండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశ 2024 సెప్టెంబరులో ఆమోదమైంది, 2011 జనాభా లెక్కల ప్రకారం మైదానంలో 500, ఏజెన్సీలో 250 దాటిన, ఇంతవరకూ రోడ్డు లేని ఆవాసాలకి. మీ ఊరికి ఇప్పటికే కంకర పడింది గనక అందులో కుదరకపోవచ్చు, కానీ సీతంపేట, పాతపట్నం వైపు కొండ ఊళ్ల వాళ్లు ఇది చదువుతుంటే, మీ ఆవాసం ఆ జాబితాలో ఉందా, జనాభా సరిగ్గా పడిందా అన్నది ఇప్పుడే చూసుకోండి. అక్కడ ఎంపికకు లెక్క ఉంది, ఆ లెక్కను దాటి మిమ్మల్ని తప్పించడం కష్టం.

సర్పంచ్ కండువా మార్చడం గురించి. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు గనక చట్టం అడ్డు రాదు, రేపు పొద్దున్నే మార్చెయ్యొచ్చు. రోడ్డు రావచ్చు కూడా, వచ్చిన ఊళ్లు చూశాను. అయినా వద్దంటాను. ఒకసారి అలా రోడ్డు వచ్చిందంటే, ఓటును బట్టి రోడ్డు అన్న లెక్క సరైనదేనని ఊరు ఊరంతా ఒప్పుకున్నట్టు. ఐదేళ్లకి ప్రభుత్వం మళ్లీ మారుతుంది, అప్పుడు రిపేర్లు ఆగుతాయి, నీళ్ల ట్యాంకు ఆగుతుంది, మళ్లీ కండువా. పైగా ఊళ్లో సగం మంది ఆ కండువా కప్పుకోరు, వాళ్ల వీధి వదిలేసి రోడ్డు పడుతుంది. ఒక ఊళ్లో సిమెంటు రోడ్డు సరిగ్గా ఒక ఇంటి అరుగు దగ్గర తెగిపోవడం నా కళ్లతో చూశాను. ఎస్టిమేట్‌లో అవతల ఇంకో ఎనభై మీటర్లుంది, ఆ ఎనభై మీటర్లలో ఉన్నవాళ్లు ఎదుటి పార్టీ. ఆ ఇళ్లలో ముసలివాళ్లు వానాకాలమంతా బురదలోంచి నడిచి సిమెంటు ఎక్కేవాళ్లు. ఆ రోడ్డుకు కొలతలు తీసుకుంటుంటే నా చెయ్యి ఆడలేదు.

ఇక ఆఖరుగా కోర్టు సంగతి. వెళ్లొచ్చు. హిమాచల్ ప్రదేశ్‌లో కొండ మీది పేద దళిత కుటుంబాలు, మంజూరైన రోడ్డు మధ్యలో ఆపేశారని హైకోర్టుకి ఒక ఉత్తరం రాశారు. హైకోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుని, పని ముగించడానికి అదనంగా 50,000 రూపాయలు ప్రభుత్వాన్ని అడగమని ఇంజనీరుని ఆదేశించింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది, 1986లో సుప్రీంకోర్టు ఆ ప్రజల వైపే నిలబడి, కొండ ప్రాంతాల వాళ్లకి రోడ్డు అంటే జీవించే హక్కులో భాగమేనంది. ఉమేద్ రామ్ శర్మ కేసు. బెంగళూరు–మైసూరు కారిడార్ కేసులో 2006లో, ప్రభుత్వం మారింది గనక ఒప్పుకున్న రోడ్డు ప్రాజెక్టును దెబ్బతీస్తామంటే కుదరదని సుప్రీంకోర్టు కర్ణాటకకు చెప్పింది. ఇవి మీ లాయరుకి చెప్పండి. కానీ ఇదీ తెలుసుకోండి, దురుద్దేశం అని ఆరోపిస్తే నిరూపించే బరువు ఆరోపించినవాళ్ల మీదే, చాలా ఎక్కువ బరువు, పైగా ఆ మనిషిని పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. ఊళ్లో ఉండేవాళ్లు దానికి సిద్ధపడటం తేలిక కాదు. అందుకే నా సలహా, మొదటి పిటిషన్‌లో దురుద్దేశం ఊసెత్తకుండా, వివక్ష, రాజ్యాంగం 14వ అధికరణం (చట్టం ముందు అందరూ సమానం), ఇదిగో మా తేదీలు ఇవిగో వాళ్ల తేదీలు అని మాత్రమే అడగండి. వరుస తప్పడానికి కారణం ప్రభుత్వమే అఫిడవిట్‌లో చెప్పుకోవాలి. బిల్లు ఆగిన కాంట్రాక్టరుకి తన సొంత పిటిషన్ వేరే ఉంటుంది, అతన్ని కలవండి, అతని టోకెన్ నంబరు మీకు కావాలి, మీ గ్రామసభ తీర్మానం అతనికి పనికొస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, కాబట్టి పిటిషనర్లుగా మీ ఊరి డ్వాక్రా సంఘం ఆడవాళ్లు ఉంటే ఖర్చు తగ్గుతుంది.

పిటిషన్ వేసేలోపే పని కదలడం కూడా చూశాను. తేదీల జాబితా కలెక్టరు బల్ల మీదికి వెళ్లిందని తెలిస్తే, కింద బల్లల దగ్గర ఎవరికి వాళ్లు తమ పేరు మీద లేకుండా చూసుకోవడం మొదలుపెడతారు, ఫైలు దానంతటదే నడుస్తుంది.

ఈ వారం చెయ్యాల్సింది ఒక్కటే. రెండు దరఖాస్తులు రాసి ఈఈ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదులు జాగ్రత్త చెయ్యండి. ఎం-బుక్ నకలు రాగానే ఆఖరి పేజీలో చైనేజ్, తేదీ, కింద ఎన్ని సంతకాలున్నాయో నాకు చెప్పండి. ఒకటే సంతకం ఉంటే చెక్ మెజర్‌మెంట్ (డీఈఈ కొలతలు సరిచూడటం) దగ్గర ఆగినట్టు, అప్పుడు డీఈఈ దగ్గర మొదలుపెట్టాలి. రెండూ ఉంటే బిల్లు పుట్టే ఉంటుంది, టోకెన్ ఎక్కడుందో వెతుకుదాం.